ఉచిత న్యాయ సహాయం: ఏ సంస్థ దగ్గరికి వెళ్లాలి, ఎలా అడగాలి?

"లాయరుకు ఇచ్చుకోలేక కేసు వదిలేశామండీ." మన కోర్టు ఆవరణల్లో ఈ మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంది. అలా వదిలేసినవాళ్లలో చాలామందికి ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెట్టించుకునే హక్కు ఉంది. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్లు కూడా "కోర్టులో ఉచిత సాయం ఉంటుందట, వెళ్లి అడగండి" అని ఊరుకున్నారు. కోర్టులో ఏ గదికి వెళ్లాలి, ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, వెళ్లాక ఏమని అడగాలి అన్నదే అసలు కష్టం. ఆ పనిని ఇవాళ మనం పక్కపక్కన కూర్చుని మొదటినుంచి చివరిదాకా చేద్దాం.

చేతిలో ఒక కేసు ఉంటే నేర్చుకోవడం తేలిక. ఇలా ఊహించుకుందాం: మన పక్కింటి అక్క మిషను కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచుతోంది. భర్త ఏడాదిగా పైసా పంపడం లేదు. ఇప్పుడు ఆయనే విడాకుల కేసు వేశాడు. కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. అక్క కేసుతోనే మనం నడుద్దాం. వేరే రకం కష్టంలో ఉన్నవాళ్లకు దారి ఎక్కడ మారుతుందో అక్కడ ఆగి చెప్పుకుందాం.

## ముందు ఈ హక్కు ఎవరిదో చూద్దాం

డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం దూరం కాకూడదు, అందుకు ప్రభుత్వమే ఉచిత న్యాయ సహాయం ఏర్పాటు చేయాలి అని రాజ్యాంగంలోని 39-ఎ అధికరణ చెబుతుంది. ఇది 1976లో 42వ సవరణతో చేరింది. దాన్ని ఆచరణలో పెట్టే న్యాయ సేవల అధికార సంస్థల చట్టాన్ని 1987లో చేశారు, 1995 నవంబరు 9న అమల్లోకి తెచ్చారు. ఇప్పుడు మనం అడగబోయే సహాయం ఈ చట్టం కింద వచ్చేదే. అది ఎవరి దయా కాదు. ఈ సంగతి మనసులో పెట్టుకుని ఆఫీసు మెట్లు ఎక్కుదాం.

చట్టంలోని 12వ సెక్షను అర్హులెవరో చెబుతుంది. మహిళలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, వికలాంగులు, మానసిక అస్వస్థత ఉన్నవారు, మనుషుల అక్రమ రవాణాకు గానీ వెట్టిచాకిరీకి గానీ గురైనవారు, వరద, కరవు, భూకంపం, పారిశ్రామిక ప్రమాదం, కులదాడుల వంటివాటిలో నష్టపోయినవారు, పరిశ్రమల్లో కార్మికులు, జైల్లో గానీ సంరక్షణ గృహంలో గానీ ఉన్నవారు అర్హులు. వీళ్లెవరికీ ఆదాయంతో పని లేదు. ఈ జాబితాలో లేనివారికి మాత్రమే ఆదాయ పరిమితి చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అది ఏడాదికి 3 లక్షల రూపాయలు, సుప్రీంకోర్టు కేసులకు 5 లక్షలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మహిళ అయితే చాలు, ఆదాయం ఎంతన్నది అడగకూడదు. అక్కకు మిషను మీద నెలకు ఎంత వస్తుందో, పుట్టింటివాళ్లకు ఎన్ని ఎకరాలుందో ఎవరూ లెక్క కట్టనక్కర్లేదు. ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం ఆడవాళ్లు తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి వాయిదాలు పోగొట్టుకోవడం నేను చూశాను. ఆ పత్రం వాళ్లకు అవసరమే లేదు.

## కావలసినవి

సంచిలో ఇవి సర్దుకుందాం:

- కోర్టు నుంచి వచ్చిన సమన్లు లేదా నోటీసు, దానితో పంపిన పిటిషను కాపీ. అవి వచ్చిన కవరు కూడా పారేయకూడదు. కాగితం ఏ రోజు మన చేతికి అందిందో చెప్పే సాక్ష్యం కొన్నిసార్లు ఆ కవరే.
- ఆధార్ లేదా మరో గుర్తింపు కార్డు జిరాక్సు, చిరునామా ఆధారం, పాస్‌పోర్టు సైజు ఫొటోలు.
- అర్హతకు రుజువు. ఎస్సీ, ఎస్టీ అయితే కుల ధ్రువీకరణ పత్రం, వికలాంగులైతే సదరం ధ్రువీకరణ పత్రం. ఆదాయం ఆధారంగా అడిగేవారికి ఆదాయ పత్రం. అది చేతికి రావడం ఆలస్యమవుతుంటే ఆగిపోవద్దు. ఆదాయం గురించి మనం ఇచ్చే అఫిడవిట్‌ను, నమ్మకపోవడానికి కారణం లేకపోతే, సరిపోయినట్టుగా తీసుకోవచ్చని 13వ సెక్షనులో ఉంది.
- కేసుకు సంబంధించిన కాగితాలు. అక్క విషయంలో పెళ్లి ఫొటో లేదా శుభలేఖ, పిల్లల జనన ధ్రువీకరణ పత్రాలు, స్కూలు ఫీజు రసీదులు, భర్త ఉద్యోగం గురించి తెలిసిన వివరాలు.
- ఒక తెల్లకాగితం మీద తేదీలవారీగా జరిగిన కథ. దీన్ని ఎలా రాయాలో పద్ధతిలో చూద్దాం.

అన్నిటికీ రెండేసి జిరాక్సు సెట్లు తీయిద్దాం. అసలు కాగితాలు చూపించడానికే పట్టుకెళ్లాలి, ఇచ్చి రావడానికి కాదు.

## ఏయే సంస్థలున్నాయి?

న్యాయ సహాయం చేసే సంస్థలన్నీ ఒకే పని చేయవు. కొన్ని లాయరును పెట్టి కోర్టులో వాదిస్తాయి. కొన్ని రాజీ కుదురుస్తాయి. కొన్ని సలహా ఇచ్చి పంపుతాయి. ఈ తేడా తెలియక సలహా ఇచ్చే చోట లాయరు కోసం నెలలు ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కొత్తగా మొదలుపెట్టేవారు గుర్తుపెట్టుకోవలసిన మొదటి పేరు ఇదే. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. చాలాచోట్ల దాని భవనం మీద న్యాయ సేవా సదన్ అని బోర్డు కనిపిస్తుంది. జిల్లా జడ్జి దీనికి అధ్యక్షులు, రోజువారీ పని చూసేది కార్యదర్శి. ఆ కార్యదర్శి కూడా న్యాయాధికారే. జిల్లా కేంద్రం కాని ఊళ్లలో కోర్టు ఉన్న చోట మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది. అక్కడి సీనియర్ జడ్జి దాన్ని నడుపుతారు. పేరులో మండలం ఉంది కదా అని మండలాఫీసుకు వెళ్లకండి, కోర్టుకే వెళ్లాలి. వీటికి పైన రాష్ట్ర సంస్థలు, హైకోర్టులో కేసుల కోసం హైకోర్టు న్యాయ సేవల కమిటీ, ఢిల్లీలో సుప్రీంకోర్టు న్యాయ సేవల కమిటీ, అన్నిటికీ మీద జాతీయ సంస్థ నల్సా ఉన్నాయి. కేసు ఏ మెట్టు మీద ఉంటే ఆ మెట్టు సంస్థే లాయరును పెడుతుంది.

జిల్లా విషయంలో ఒక చిన్న చిక్కుంది. తెలంగాణలో 2022 జూన్‌లో కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయినప్పుడు న్యాయ జిల్లాల హద్దులు వాటితోపాటు మారలేదు. అందుకని మన కలెక్టరేట్ ఉన్న ఊళ్లోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుందనుకుని బస్సెక్కవద్దు. దగ్గర్లో ఉన్న కోర్టులో ఒక్క మాట అడిగి బయల్దేరుదాం.

ఈ సంస్థ ఇచ్చేది లాయరును మాత్రమే కాదు. కోర్టు ఫీజు, సమన్లు పంపే ఖర్చు, తీర్పు కాపీలు, కాగితాల అనువాదం ఖర్చులూ ఇందులోకే వస్తాయి. క్రిమినల్ కేసుల్లో నిందితుల తరఫున వాదించడానికి 2022 నుంచి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అనే పద్ధతి తెచ్చారు. ఆ లాయర్లు పూర్తికాలం ఈ పనే చేస్తారు. మిగతా కేసులకు ప్యానెల్‌లో పేరున్న న్యాయవాదుల్లో ఒకరిని కేటాయిస్తారు.

లోక్ అదాలత్. ఇదీ న్యాయ సేవాధికార సంస్థ నడిపేదే, కానీ పని వేరు. ఇక్కడ తీర్పు చెప్పరు, రాజీ కుదురుస్తారు. ఇద్దరూ ఒప్పుకుంటే అవార్డు రాస్తారు. అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఒప్పుకోకపోతే కేసు మళ్లీ కోర్టుకే పోతుంది, మనకు పోయేదేమీ లేదు. మోటారు ప్రమాద పరిహారం, బ్యాంకు బాకీ, చెక్కు బౌన్సు, రాజీకి వీలైన చిన్న నేరాలు ఇక్కడ బాగా తేలతాయి.

పర్మనెంట్ లోక్ అదాలత్. పేరు ఒకేలా ఉన్నా ఇది వేరు. బస్సు, విమాన రవాణా, తపాలా, కరెంటు, నీళ్లు, ఆస్పత్రి, బీమా లాంటి ప్రజా వినియోగ సేవల తగాదాలకు దీన్ని 2002 సవరణతో పెట్టారు. ఆ జాబితాలో తర్వాత బ్యాంకింగ్, ఇళ్ల నిర్మాణం లాంటివీ చేరాయి. కోటి రూపాయల విలువ దాకా వివాదాలు తీసుకుంటుంది. ఇక్కడ రాజీ కుదరకపోతే వాళ్లే విచారించి నిర్ణయం చెప్పగలరు. బీమా కంపెనీ క్లెయిము తిరస్కరించిన రైతుకు ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు. కానీ షరతు ఒకటుంది: ఏ కోర్టుకూ వెళ్లకముందే ఇక్కడికి రావాలి. ముందు కోర్టులో కేసు వేసి తర్వాత ఇక్కడికి వస్తే తీసుకోరు. ఇది అన్ని ఊళ్లలో ఉండదు. మనకు ఏది వర్తిస్తుందో జిల్లా సంస్థను అడగాలి.

లీగల్ ఎయిడ్ క్లినిక్‌లు, పారా లీగల్ వాలంటీర్లు. ఊళ్లలో, జైళ్లలో, లా కాలేజీల్లో క్లినిక్‌లు ఉంటాయి. పారా లీగల్ వాలంటీర్లు లాయర్లు కారు. దరఖాస్తు నింపడానికి, మనల్ని సరైన ఆఫీసుకు చేర్చడానికి శిక్షణ పొందినవాళ్లు. చదువు రానివాళ్లకు వీళ్లే పెద్ద దిక్కు. లా కాలేజీ క్లినిక్‌లో విద్యార్థులు కాగితాలు చదివి విషయం విడమరిచి చెబుతారు, అర్జీ రాసిపెడతారు. కోర్టులో నిలబడి వాదించే అధికారం మాత్రం వాళ్లకు లేదు.

టెలి-లా. 2017లో మొదలైంది. కామన్ సర్వీస్ సెంటరు నుంచో, 14454కు ఫోన్ చేసో లాయరుతో మాట్లాడవచ్చు. ఇది సలహా వరకే.

స్వచ్ఛంద సంస్థలు, బార్ కౌన్సిళ్లు. పేదలకు న్యాయ సహాయం ఏర్పాటు చేయడం రాష్ట్ర బార్ కౌన్సిల్ బాధ్యతల్లో ఒకటని న్యాయవాదుల చట్టమే చెబుతుంది. 1989లో మొదలైన హ్యూమన్ రైట్స్ లా నెట్‌వర్క్ లాంటి స్వచ్ఛంద సంస్థలు పలు రాష్ట్రాల్లో లాయర్లతో పనిచేస్తున్నాయి. ముంబయిలో మజ్లిస్ మహిళల కేసులు చూస్తుంది. ఇలాంటివి తమ ఆశయానికి తగిన కేసులు ఎంచుకుంటాయి, అందరివీ తీసుకోలేవు. ఒక ఊరి భూమంతా పోతున్నా, ఒక బస్తీ అంతా ఖాళీ చేయమన్నా వీళ్లను కలవడం మంచిది. విడాకుల కేసుకు జిల్లా సంస్థే సరైన చోటు.

మహిళలకు, పిల్లలకు, వృద్ధులకు. ఇంట్లో దెబ్బలు తింటుంటే ముందు ప్రాణం, తర్వాత కేసు. 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రానికి చేర్చే ఏర్పాటు ఉంది. అక్కడ తాత్కాలిక ఆశ్రయం, వైద్యం, పోలీసు, న్యాయ సలహా ఒకేచోట దొరకాలన్నది ఉద్దేశం. పిల్లలకు 1098, వృద్ధులకు 14567. కన్నబిడ్డలు చూడని తల్లిదండ్రులు 2007 నాటి చట్టం కింద ఆర్డీవో దగ్గరి ట్రైబ్యునల్‌కు నేరుగా అర్జీ ఇచ్చుకోవచ్చు.

విదేశాల్లో ఉన్నవారికి. కువైట్‌లోనో దుబాయ్‌లోనో జీతం అందక, పాస్‌పోర్టు చేతిలో లేక ఇరుక్కున్న మన కడప, జగిత్యాల, గోదావరి జిల్లాల వాళ్లు ముందు భారత రాయబార కార్యాలయాన్ని పట్టుకోవాలి. అక్కడ 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి న్యాయ సహాయానికీ ఖర్చు పెట్టవచ్చు. అమెరికాలో అత్తింటి హింసకు గురైన మన అమ్మాయిలకు దక్షిణాసియా మహిళల సంస్థలున్నాయి: న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి, కాలిఫోర్నియాలో మైత్రి. వీసా భర్త మీద ఆధారపడి ఉన్నంత మాత్రాన ఫోన్ చేయడానికి భయపడవద్దు.

## పద్ధతి

1. గడువు చూడండి. కాగితం తెరవగానే మొదట చదవవలసింది వాయిదా తేదీ. అది క్యాలెండర్ మీద ఎర్ర ఇంకుతో రాద్దాం. సివిల్ దావాలో సమన్లు అందాక జవాబు దాఖలుకు 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. కింది సివిల్ కోర్టు తీర్పు మీద జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజుల్లో, హైకోర్టుకు 90 రోజుల్లో వేయాలి. చెక్కు బౌన్సు నోటీసు వస్తే డబ్బు కట్టడానికి 15 రోజులే. ఉచిత సహాయానికి దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఈ గడువులు ఆగవు. అందుకే మిగతా పనులకన్నా ఇది ముందు.

2. విషయం ఏ రకమో తేల్చండి. మూడు ప్రశ్నలు వేసుకుందాం. కోర్టులో కేసు ఇప్పటికే ఉందా? ఉంటే జిల్లా సంస్థ లేదా మండల కమిటీ. కేసు లేదు, కరెంటు, బీమా, ఆస్పత్రి తగాదానా? పర్మనెంట్ లోక్ అదాలత్. ఏం చేయాలో అసలు అర్థం కావడం లేదా? క్లినిక్ లేదా టెలి-లా. అక్కకు కేసు ఉంది, కాబట్టి మనం జిల్లా సంస్థకే వెళ్తున్నాం. ఎటూ తేలకపోతే 15100కు ఫోన్ చేయండి. అది నల్సా ఉచిత నంబరు.

3. కథ రాయండి. ఒక్క కాగితం, ఒక్క వైపు. ఎడమన తేదీ, కుడిన ఏం జరిగిందో ఒక్క వాక్యం. పెళ్లి, పిల్లలు పుట్టడం, గొడవ మొదలైన రోజు, పెద్దమనుషుల పంచాయితీ, డబ్బు ఆగిపోయిన నెల, సమన్లు అందిన రోజు. కోపం ఇక్కడ రాయవద్దు, దానికి లాయరుతో మాట్లాడేటప్పుడు చోటుంటుంది. మనకు ఇబ్బంది కలిగించే సంగతి కూడా దాచకుండా రాయాలి. మనం అత్తగారిని ఒక మాట అన్నామా, డబ్బు తీసుకుని సంతకం పెట్టామా, అన్నీ. అవతలి లాయరు నోట వినేకన్నా మన లాయరు మన నోటే వినడం మంచిది. చివర్లో ఒక్క వాక్యం: "నాకు కావలసింది ఇది." అక్క ఇలా రాస్తుంది: నెలనెలా పిల్లల ఖర్చుకు డబ్బు కావాలి, పిల్లలు నా దగ్గరే ఉండాలి.

4. ఫ్రంట్ ఆఫీసుకు వెళ్లండి. పొద్దున కోర్టు మొదలయ్యే వేళ న్యాయ సేవా సదన్‌కు వెళ్దాం. అక్కడి ఫ్రంట్ ఆఫీసులో న్యాయవాదో, వాలంటీరో కూర్చుని ఉంటారు. "నాకు కోర్టు సమన్లు వచ్చాయి, నేను 12వ సెక్షను కింద అర్హురాలిని, లాయరును ఇప్పించండి" అని చెబితే చాలు. కోర్టు గేటు దగ్గర "పని చేయిస్తాం" అంటూ ఎవరైనా వెంటపడితే నవ్వి ముందుకు నడవండి. ఈ పనికి మధ్యవర్తి అక్కర్లేదు.

5. దరఖాస్తు నింపండి. ఫారం తెలుగులోనే నింపవచ్చు. రాయలేనివారు నోటితో చెప్పినా తీసుకోవాలి, వాలంటీరు రాసిపెడతారు. పేరు, చిరునామా, ఏ వర్గం కింద అడుగుతున్నాం, కేసు నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీ. కేసు నంబరు సమన్ల మీద పైభాగాన ఉంటుంది. దాన్ని అంకె తప్పకుండా ఎక్కించాలి, సంవత్సరం అంకె మరిచిపోవడం ఎక్కువగా జరిగే తప్పు. ఫోన్ నంబరు మనం ఎప్పుడూ ఎత్తేదే ఇవ్వాలి. అక్క విషయంలో భర్త పేరు మీద ఉన్న సిమ్ నంబరు అసలే ఇవ్వకూడదు.

6. రసీదు తీసుకోండి. దరఖాస్తు మన కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోకుండా కుర్చీలోంచి లేవవద్దు. నల్సా 2010 నిబంధనల ప్రకారం దరఖాస్తు అందిన 7 రోజుల్లోపు నిర్ణయం చెప్పాలి. ఆ 7 రోజులు ఎక్కడినుంచి లెక్కపెట్టాలో చెప్పేది ఆ ముద్రే. వాయిదా ఇంకా దగ్గర్లో ఉంటే ఆ సంగతి దరఖాస్తు పైన పెద్దగా రాసి, నోటితో కూడా చెప్పాలి.

7. ఈలోగా వాయిదా వస్తే కోర్టుకు వెళ్లండి. లాయరు రాలేదని ఇంట్లో ఉండిపోకూడదు. పేరు పిలిచినప్పుడు నిలబడి, "అయ్యా, న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకున్నాను, ఇదిగో రసీదు, కొంచెం టైమ్ ఇప్పించండి" అని చెప్పాలి. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే మనం లేకుండానే, కేసు వినేస్తారు. తర్వాత ఆ ఉత్తర్వును తీయించుకోవడం మరో కేసంత పని.

8. లాయరును కలవండి. కేటాయింపు ఉత్తరంలో లాయరు పేరు, ఫోన్ ఉంటాయి. ఆయనో ఆవిడో ఫోన్ చేసేదాకా ఆగకుండా మనమే చేద్దాం. ఆ తేదీల కాగితం, జిరాక్సు సెట్టు ఇచ్చి వకాలత్ మీద, అంటే మన తరఫున వాదించే అధికారం లాయరుకు ఇచ్చే కాగితం మీద, సంతకం చేస్తాం. సంతకం చేసేముందు అందులో కేసు నంబరు, మన పేరు నింపి ఉన్నాయో లేదో చూసుకోవాలి. అక్క ఇక్కడ రెండు ప్రశ్నలు అడగాలి: కౌంటరు, అంటే మన జవాబు, ఎప్పటికి దాఖలు చేస్తారు? ఇదే కేసులో నాకూ పిల్లలకూ మధ్యంతర భరణం అడగవచ్చా? హిందూ వివాహ చట్టం 24వ సెక్షను కింద కేసు నడుస్తుండగానే భరణం, కేసు ఖర్చులు అడిగే వీలుంది. చాలామంది ఇది అడగకుండానే ఏళ్లు గడిపేస్తారు.

9. ప్రతి వాయిదా తర్వాత రాసుకోండి. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని ఆ రోజు ఏం జరిగింది, తర్వాతి వాయిదా ఎప్పుడు అని రెండు పంక్తులు రాసుకుంటే చాలు. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొట్టి కూడా వాయిదా చూసుకోవచ్చు.

## అరెస్టు అయితే

ఇక్కడ క్రమం మారుతుంది, దరఖాస్తు కోసం ఆగే టైమ్ ఉండదు. అరెస్టు చేసిన 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అక్కడే "నాకు లాయరు లేరు" అని ఒక్క మాట అనాలి. రిమాండ్ దశ నుంచే లాయరును ఇచ్చే బాధ్యత ఉందని సుప్రీంకోర్టు ఖత్రీ కేసులో 1980లో చెప్పింది. నిందితుడు నోరు తెరిచి అడగలేదన్న కారణంతో ఆ హక్కు పోదని 1986లో సుక్ దాస్ కేసులో మరింత స్పష్టం చేసింది. అప్పటికే జైలుకు వెళ్లిపోయి ఉంటే జైలు క్లినిక్‌లో దరఖాస్తు ఇవ్వవచ్చు. బయట ఉన్న కుటుంబం జిల్లా సంస్థకు వెళ్లవచ్చు. నేరం తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు రాకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. ఆ రోజు ఎప్పుడో లెక్కపెట్టి లాయరుకు గుర్తుచేయడం ఇంట్లోవాళ్లు చేయగల పెద్ద సాయం.

## ఎక్కువగా జరిగే పొరపాట్లు

లాయరుకు డబ్బు ఇవ్వడం. ఇది అన్నిటికన్నా ఎక్కువ. ప్యానెల్ న్యాయవాదికి ఫీజు సంస్థ ఇస్తుంది. మన దగ్గర తీసుకోకూడదు. "టైపింగుకు, చార్జీలకు" అని అడిగినా సరే. గౌరవం కొద్దీ మనమే ఇచ్చేస్తుంటాం. ఇస్తే తర్వాత ఇవ్వలేని రోజున కేసు నెమ్మదించిందేమో అని మనకే భయం మొదలవుతుంది. అడిగితే మర్యాదగా "కార్యదర్శి గారిని అడిగి చెబుతానండీ" అనండి. మళ్లీ అడిగితే నిజంగానే కార్యదర్శికి రాసివ్వండి.

ఉచితం కాబట్టి నాసిరకమని అనుకోవడం. దానివల్ల మనమే ఆ లాయరును సరిగా కలవం, కాగితాలు ఇవ్వం, సాక్షులను తీసుకురాం. కేసు బలహీనపడేది అక్కడే. లాయరు నిజంగా వాయిదాలకు రాకపోతే, ఫోన్ ఎత్తకపోతే తేదీలతో సహా కార్యదర్శికి రాసివ్వాలి. మార్చమని అడిగే వీలుంది.

లోక్ అదాలత్‌లో చదవకుండా సంతకం చేయడం. అక్కడ జనం ఎక్కువ, హడావిడి ఎక్కువ. పెద్దవాళ్లంతా "ఒప్పుకో అమ్మా" అంటుంటారు. అవార్డు మీద అప్పీలు లేదన్న సంగతి గుర్తుంచుకుని పూర్తిగా చదివించుకోవాలి: ఎంత, ఎప్పటిలోగా, ఇవ్వకపోతే ఏమిటి. ఒప్పుకోవడం ఇష్టం లేకపోతే "నాకు ఇష్టం లేదండీ" అని చెప్పి లేచి రావచ్చు. ఎవరూ తప్పుపట్టకూడదు.

అసలు కాగితాలు ఇచ్చేయడం. పట్టాదారు పాసుపుస్తకం, రిజిస్ట్రేషన్ దస్తావేజు, చెక్కు ఎవరికి ఇచ్చినా రాతపూర్వకంగా రసీదు తీసుకోవాలి.

మరో జిల్లాలో కేసు ఉందని ఆగిపోవడం. భర్త విశాఖలో కేసు వేస్తే, అక్క కర్నూలులో ఉంటే, దరఖాస్తు కోసం విశాఖ దాకా పోనక్కర్లేదు. దగ్గరి సంస్థలో ఇస్తే వాళ్లు అక్కడికి పంపుతారు. కేసును తనుండే చోటికి మార్చమని అడగవచ్చేమో కూడా లాయరుతో మాట్లాడాలి.

## కాదంటే

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. కేసులో పస లేదన్నారా, అర్హత లేదన్నారా, కాగితం తక్కువైందా? కాగితం తక్కువైతే అది తెచ్చి మళ్లీ ఇద్దాం. అర్హత విషయంలో పొరపాటు జరిగిందనిపిస్తే అధ్యక్షులకు, అంటే జిల్లా జడ్జికి, అప్పీలు ఇవ్వవచ్చు. దానికీ లాయరు అక్కర్లేదు. తిరస్కరణ ఉత్తరం కాపీ, మన రసీదు కాపీ, "నేను 12వ సెక్షను కింద ఫలానా వర్గంలోకి వస్తాను" అనే నాలుగు వాక్యాల అర్జీ చాలు. ఆ అర్జీ మీద కూడా ముద్ర వేయించుకుని, రసీదును నోటుపుస్తకంలో మొదటి పేజీకి పిన్ను చేసి పెట్టుకోండి.